జిరాక్స్ అన్న మా క్లాసుకు వచ్చిన సెమిస్టర్

మా పాత క్లాసు వాట్సాప్ గ్రూపులో చాలాకాలంగా పుట్టినరోజు శుభాకాంక్షలు తప్ప మరో ముక్క కనబడదు. పోయిన సోమవారం పొద్దున ఆఫీసు క్యాబ్‌లో కూర్చుని ఫోన్ తీస్తే ఒకే వాక్యం ఉంది. "జిరాక్స్ అన్న పోయాడట." గుండెపోటు అనీ, ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయిందనీ కింద ఇంకొకరు రాశారు. నా పక్కన కూర్చున్నావిడ ఏమైందని అడిగింది. మా యూనివర్సిటీ దగ్గర జిరాక్స్ షాపాయన చనిపోయాడని చెప్పాను. ఆవిడ మర్యాదగా "అయ్యో" అంది. షాపాయన అన్న మాట నాకే నచ్చలేదు. ఆయన మాతో పాటు ఒక సెమిస్టర్ చదివాడు.

గోపన్‌పల్లి వైపు గేటుకు ఎదురుగా రెండు మెషిన్ల దుకాణం ఆయనది. పుట్టి పెరిగింది ఆ ఊళ్లోనే. ఇంటర్‌తో చదువు ఆగింది గానీ చదవడం ఆగలేదు. ఎదుటివాళ్ల కాగితాలు చూడకూడదని ఆయనకెవరూ చెప్పినట్టు లేదు. మెషిన్ లోంచి వచ్చే ప్రతి పేజీనీ వెలుగుకు పట్టి చదివి, చదివినదాని మీద మనల్నే ప్రశ్నలడిగేవాడు. నేను కోస్తా ఇంటి పిల్లను. మాది ప్రగతి నగర్. మొదటిరోజు "ఏమండీ, ఒక కాపీ తీస్తారా అండి" అన్నాను. "తీస్తనండి, ఎందుకు తియ్యనండి, నిలవడండి" అని అన్న అంటే వెనకాల క్యూ అంతా నవ్వింది. ఆ తర్వాత నేను చెల్లెనైపోయాను.

ఆ సెమిస్టర్‌లో నేను తీసుకున్న ఐచ్ఛికం చికానో అధ్యయనాల సిద్ధాంతం. చికానో అంటే ఏమిటో నాకు తెలియదు, తెలుసుకోవాలన్న తహతహా లేదు. రెండు బస్సులు మారి వచ్చేదాన్ని కాబట్టి పొద్దున్నే క్లాసు లేని సబ్జెక్టు కావాలి, అంతే. అమెరికాలో ఉండే మెక్సికో మూలాల వాళ్ల గురించిన చదువు అది. ఒకప్పుడు ఒక యుద్ధం తర్వాత మెక్సికో నేలలో పెద్ద ముక్క అమెరికా కిందికి పోయింది. ఇల్లు కదలకుండా కూర్చున్నవాళ్లే పరాయివాళ్లయ్యారు. బళ్లో ఇంటి భాష స్పానిష్ మాట్లాడితే పిల్లలకు దెబ్బలు పడేవి. తమను వెక్కిరించిన చికానో అన్న పేరునే వాళ్లు తమ పేరుగా చేసుకున్నారు. తమ సంగతులు పాఠాలుగా చెప్పాలని విద్యార్థులు పోట్లాడి ఈ చదువు తెచ్చుకున్నారు. మా మేడం ఇదంతా మొదటి క్లాసులో చెబితే పన్నెండుమందిమీ బుద్ధిగా రాసుకున్నాం. ఆ నోట్సు కాపీ తీయించడానికి వెళ్తే అన్న దాన్ని ఆసాంతం చదివాడు.

"వీళ్లు ఏం దింటరు చెల్లె?"

"మొక్కజొన్న రొట్టెలండి."

"మక్క రొట్టెలా? మనది జొన్న రొట్టె. జర అటీటు. మరి గా ద్రాక్షతోటల కూలోళ్లు సమ్మె జేసిన్రని రాసినవ్, గెలిచిన్రా లేదా రాయలే."

గెలిచారో లేదో నాకు తెలియదు. నా తలకు తట్టని ప్రశ్న అది. మర్నాడు మేడంను అడిగి, చాలామటుకు గెలిచారని వచ్చి చెప్పాను. అన్న తన సొంతవాళ్లే గెలిచినట్టు సంబరపడ్డాడు.

నాలుగో వారంలో అసలు భాగోతం జరిగింది. మేడం వంద పేజీల పాఠాల కట్ట ఒకటి ఇచ్చి పన్నెండు కాపీలు తీయించమన్నారు. అన్న దుకాణం నుంచి స్పైరల్ బైండింగ్‌తో పుస్తకాలు ముచ్చటగా వచ్చాయి. అందులో ఒక వ్యాసంలో వాక్యం సగంలో ఆగిపోయి, తర్వాతి పేజీలో మరో సంగతి మొదలవుతుంది. ఇలా ఐదారు చోట్ల. ఆ వ్యాసం మీద సెమినార్ ఇవ్వాల్సింది నేను. రచయిత్రి కావాలనే ఖాళీలు వదిలిందనీ, నోరు నొక్కేసిన జాతి మౌనం ఆ ఖాళీల్లో వినబడుతోందనీ ఇరవై నిమిషాలు దంచాను. వరంగల్ మిత్రుడొకడు లేచి ఆ మౌనానికి మూడు రకాలు కూడా చెప్పాడు. మేడం చేతులు కట్టుకుని అంతా విన్నారు. తర్వాత తన పుస్తకం తెరిచి, నేను మౌనం అన్నచోట గడగడా పేజీన్నర స్పానిష్ చదివారు. క్లాసు పడీపడీ నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

కోపంగా దుకాణానికి వెళ్లాను. అన్న అరమీద నుంచి చక్కగా క్లిప్పు పెట్టిన కాగితాలు తీశాడు.

"గివి మీయేనా? ఇంగ్లిష్ అక్షరాలే ఉన్నయ్, ఇంగ్లిష్ గాదు. వేరే డిపార్ట్‌మెంటోళ్లవి గలిసినయనుకున్న. పాపం ఎవలో పరేషాన్ అయితుంటరని పక్కకు వెట్టిన."

"ఆమె రెండు భాషలూ కలిపే రాసిందన్నా."

అన్న మెషిన్ ఆపేశాడు. "ఒక్కటే కాయితం మీద రెండు భాషలా? మరి సారోళ్లు ఊకున్నరా?"

ఊరుకోలేదనీ, ఆ పోట్లాటే మా పాఠమనీ చెప్పాను. నా కోపం ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. శుక్రవారం మధ్యాహ్నం అన్న కొత్తగా బైండ్ చేసిన పన్నెండు కట్టలు మోసుకుని క్లాసు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. తప్పు తనదేనని మేడంకు చెప్పుకోవాలని వచ్చాడు. మేడం ఆయన్ని కూర్చోమన్నారు. వెనక బెంచీలో కూర్చున్నవాడు లేవకుండా, మేడం పాఠం ముగించేదాకా ఆగి, చెయ్యెత్తాడు.

"మేడం, ఒక్క భాషనే వచ్చినోడు గిది సదివితె ఎట్ల?"

"సగమే అర్థమవుతుందండి."

"మిగిలిన సగం?"

"ఎవరినైనా అడగాలి."

అన్న తన చేతిలో కట్టను వెలుగుకు పట్టాడు. "గట్లయితె మనల్ని అడగనీకి పంపుదామనే గట్ల రాసిన్రేమో."

మేడం ఆ మాటను ఉన్నదున్నట్టు బోర్డు మీద తెలుగులో రాశారు. ఆ రోజు నుంచి శుక్రవారాలు గంటసేపు షట్టర్ సగం దించి అన్న మా క్లాసుకు వచ్చేవాడు. రిజిస్టర్‌లో పేరు లేదు. మేడం మాత్రం ఆయన రాకపోతే పాఠం మొదలుపెట్టేవారు కాదు. నిజం చెప్పాలంటే ఆయన వచ్చాకే మాకూ ఆ చదువు మీద ఆసక్తి పుట్టింది. మేం ఒక వాక్యం కనబడగానే దానికో సిద్ధాంతం పేరు తగిలించి చేతులు దులుపుకునేవాళ్లం. అన్న ఆ వాక్యంలోని మనిషి గురించి అడిగేవాడు. ఆ బళ్లో దెబ్బలు తిన్న పిల్ల ఇంటికి పోయి తల్లికి చెప్పిందా? చెబితే ఏ భాషలో చెప్పింది? "తెల్వదనుడు తప్పు గాదు చెల్లె, తెల్సినట్టు కూసునుడే కష్టం" అని ఒకసారి నాతో అన్నాడు. కొంచెం కోపం వచ్చింది. నా గురించే అన్నాడని ఇప్పటికీ అనుమానం.

సెమిస్టర్ చివర్లో మేడం ఒక పని ఇచ్చారు. మీ సొంత అనుభవం ఏదైనా, మీ ఇంట్లో మాట్లాడే భాషలో, ఆ రచయితల్లాగే రాయండి అన్నారు. రాసినవాటిని ఒక చిన్న పుస్తకంగా చేసి డిపార్ట్‌మెంట్ లైబ్రరీలో పెడతామన్నారు. నేను కూడా రాయొచ్చా మేడం అని వెనక నుంచి అన్న అడిగాడు. తప్పకుండా రాయాలన్నారు మేడం. వారం తర్వాత అన్న రెండు వైపులా రాసిన రెండు కాగితాలు నా చేతిలో పెట్టాడు. నాకు తెలుగు టైపింగ్ వచ్చు, ఆయనకు రాదు. "యూనివర్సిటీల నా కాయితం ఉంటదంటె మా అమ్మ నమ్ముతలేదు" అన్నాడు. కళ్లలో వెలుగు దాచుకోవడం ఆయనకు చేతకాలేదు.

ఆ కాగితాల్లో ఏముందో నాకిప్పుడు కొంచెమే గుర్తుంది. "మేం యాడికీ పోలే. సిటీయే మా మీదికెల్లి పోయింది" అని మొదలవుతుంది. వాళ్లు జొన్నలు పండించిన చోట ఇప్పుడు పదిహేను అంతస్తుల అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. వాళ్లమ్మ అందులోనే మూడో బ్లాకులో ఇళ్లల్లో పని చేస్తుంది. పొద్దున బయల్దేరుతుంటే ఎక్కడికని ఎవరైనా అడిగితే "రాళ్ల చెల్కకు" అంటుంది. అది ఆ నేల పాత పేరు. అపార్ట్‌మెంట్ పేరు ఆమె నోటికి పట్టలేదు. ఇంకా చాలా ఉంది. నవ్వొచ్చేవి కూడా ఉన్నాయి. అవి గుర్తు లేవు.

నేను టైపు చేస్తూ సరిచేశాను. ఎవరూ చేయమనలేదు. లైబ్రరీలో ఉండేది కదా, చదివినవాళ్లు అన్నను తక్కువగా చూడకూడదనుకున్నాను. యాడికీ పోలే అన్నది ఎక్కడికీ వెళ్లలేదు అయింది. రాళ్ల చెల్క రాతినేల అయింది. అమ్మ "అంటది" తీసేసి "అంటారు" పెట్టాను. ఉపకారం చేస్తున్నానన్న ధీమాతో హాయిగా చేశాను.

అన్న ఆ ప్రింటును మెషిన్ పక్కన నిలబడి చదివాడు. ఎప్పట్లాగే వెలుగుకు పట్టి, ఆసాంతం.

"మంచిగుంది చెల్లె. పేపర్ల వచ్చినట్టున్నది. కని మా అమ్మకు సదివి వినిపిస్తె, గీమె ఎవలు బిడ్డా అని అడుగుతది." ప్రింటు మెషిన్ మీద పెట్టి, "నేను రాసిన కాయితం ఏది?" అన్నాడు.

టైపు అయ్యాక చిత్తుకాగితాలతో పారేశాను. ఆ మాటే చెప్పాను. ఊరందరి కాగితాలకూ కాపీలు తీసిన మనిషి తన రెండు కాగితాలకు కాపీ తీసుకోలేదు. "ఫికర్ జెయ్యకు, మల్ల రాస్త తియ్" అని మెషిన్ వైపు తిరిగాడు. ఆఖరి శుక్రవారం క్లాసుకు రాలేదు. పుస్తకంలో ఆయన కాగితం లేదు. మళ్లీ రాసినట్టు నాకెప్పుడూ తెలియలేదు. భాష మీద పెత్తనం గురించి నేను రాసిన పేపరుకు మాత్రం క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి.

ఆ తర్వాత కూడా ఎన్నోసార్లు అటు వెళ్లాను. అన్న ఎప్పటిలాగే పలకరించేవాడు. నాకు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో యాప్‌లలో తెలుగు సరిచేసే ఉద్యోగం వచ్చిందంటే, "నీకు తగ్గదే దొరికింది" అని నవ్వాడు. అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను, లేదు. క్షమించమని అడగడానికి ఒక్కసారీ నోరు రాలేదు. అడిగితే నవ్వి తేల్చేస్తాడని తెలుసు. తేల్చేయకూడనిదని నాకు తెలుసు కాబట్టే అడగలేదు. ఇది పిరికితనమని ఇప్పుడు తేలిగ్గానే రాయగలుగుతున్నాను.

గురువారం సాయంత్రం గోపన్‌పల్లిలో వాళ్లింటికి వెళ్లాను. వదిన నన్ను గుర్తుపట్టింది. పదకొండో రోజుకు చౌరస్తాలో ఫ్లెక్సీ పెట్టించాలనీ, నువ్వు చదువుకున్నదానివి, జర రాసియ్యి బిడ్డా అనీ అడిగింది. అక్కడే కూర్చుని రాశాను. మృదుస్వభావి, విద్యార్థుల ఆత్మబంధువు, మీ ఆశయాలను కొనసాగిస్తాం, అశ్రునయనాలతో. ఇలాంటివి నా చేతికి అలవాటే. చదివి వినిపించాను.

"మంచిగుంది" అంది వదిన.

ఆ "మంచిగుంది" నాకు తెలుసు. కాగితం మడిచి పక్కన పెట్టాను. మీరైతే ఏమని రాస్తారు వదినా అని అడిగాను. నాకేం రాయొస్తదంది. మీరు చెప్పండి, నేను రాస్తాను అన్నాను. ఆమె గోడకు ఆనుకుని నాలుగు మాటలు చెప్పింది. పలికింది పలికినట్టు రాసుకుని తిరిగి వినిపించాను. "మా ఆయన గాదు, మా ఇంటాయన అని రాయి" అని ఒక్కచోట దిద్దింది. దిద్దాను.

ఫ్లెక్సీ దుకాణంలో టైపు చేస్తున్నాయన నా వైపు అదోలా చూశాడు. "తప్పులున్నయ్ మేడం. సదివేటోడు ఏంది, చదివేవారు అని పెడదామా? సచ్చిపోయినాయన, గౌరవంగ ఉండాలె గదా." మాట న్యాయంగానే ఉంది. నా వేళ్లూ తహతహలాడకపోలేదు. ఒక్క అక్షరం కూడా ముట్టుకోవద్దన్నాను. అచ్చయి బయటికి వచ్చేదాకా ఆయన పక్కనే నిలబడ్డాను. అచ్చయిన గుడ్డను ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసుకున్నాను.

ఇవాళ పొద్దున చౌరస్తా దగ్గర మా క్యాబ్ ట్రాఫిక్‌లో ఆగింది. ఫ్లెక్సీ మీద చొక్కా జేబులో పెన్నుతో అన్న ఫొటో, దాని కింద వదిన మాటలు.

"మా ఇంటాయన. తెల్వంది కనవడితె ఊకునేటోడు గాదు. అడిగి సదివేటోడు. ఇంక శాన సదివేదుండె."

మా పక్కన ఆగిన సిటీ బస్సు కిటికీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. పెదవులు కదుపుతూ కూడబలుక్కుని చదువుతోంది. రెండో వరుస చదువుతుండగానే బస్సు కదిలింది. ఆవిడ కిటికీ చువ్వలు పట్టుకుని, మెడ తిప్పి, కనుమరుగయ్యేదాకా పెదవులు కదుపుతూనే ఉంది.