చక్రపాణి గారి గోడకి కన్నం

"గోడకి కన్నం పెడితే రేపు ఈ ఇల్లు ఎవడు కొంటాడే?"

"ఇప్పుడు ఇల్లు ఎవరు అమ్ముతున్నారండీ? పంతొమ్మిదేళ్లుగా మీ నోటితో అమ్ముతూనే ఉన్నారు. కొనేవాడు ఇంకా పుట్టలేదు."

"పుడతాడు. వచ్చి, ఆ ఇటుక గోడలో అంత బొక్క చూసి, కార్ దిగకుండానే రివర్స్ చేసుకుని పోతాడు."

"పోనీండి. వాడికి కాదు, నాకు కావాలి. స్టవ్ పైన పెట్టే ఆ పొగ హుడ్‌కి బయటికి గొట్టం వేయించండి. ఈ వింటర్ నేను గరాజ్‌లో వండను. చెప్పేశాను."

సింక్ కింద వెల్లకిలా పడుకుని పైపు బిగిస్తున్న ఫణి పానా తిప్పడం ఆపాడు. బయటికి కనిపిస్తున్నవి అతని కాళ్లు మాత్రమే. కాళ్లకి చెవులుండవని ఆ దంపతులు గట్టిగా నమ్ముతున్నట్టున్నారు.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో చక్రపాణి గారిది ఇరవై రెండేళ్ల సర్వీసు. కార్ల బ్రేకులు పరీక్షించడం ఆయన ఉద్యోగం. కదిలేదాన్ని ఆపడమే వృత్తి కావడంతో ఇంట్లో కూడా అదే చేస్తుంటారు. ఇల్లు కొన్న రోజు స్టవ్ మీద పాలు పొంగించారు. ఆ మర్నాడే వంట గరాజ్‌లోకి మారిపోయింది. పోపు వాసన గోడలకి పట్టేస్తే రీసేల్ ఏం కావాలి? ఆయన భార్య సుబ్బులు గారు అప్పటినుంచీ కార్‌కీ, మంచు ఎత్తే పారకీ మధ్య ఒక బల్ల, దాని మీద రెండు బర్నర్ల స్టవ్ పెట్టుకుని వండుతున్నారు. లోపలి వంటిల్లు మాత్రం మ్యూజియంలా మెరుస్తూ ఉంది.

అలా మెరుస్తూనే పాతబడింది. గోధుమరంగు క్యాబినెట్లు ఇప్పుడెవరూ కొనడం లేదట, అందరికీ తెల్లవే కావాలట. అందుకని పాలు పొంగించిన ఆ ఒక్కరోజు తప్ప వాడని వంటింటిని పీకించి, ఇకమీదట కూడా వాడకుండా ఉంచుకోవడానికి కొత్తది కట్టిస్తున్నారు.

కాంట్రాక్టర్‌ని ఎంచుకోవడం మాత్రం చక్రపాణి గారు ఆషామాషీగా చేయలేదు. వాట్సాప్ గ్రూప్‌లో అడిగి పదకొండు పేర్లు సంపాదించారు. ఎక్సెల్‌లో పదకొండు వరసలు గీశారు. లైసెన్స్, ఇన్సూరెన్స్, పాత కస్టమర్ల ఫోన్ నంబర్లు, చివరి గడిలో 'షూస్ విప్పాడా, లేదా'. పక్క ఊరు ట్రాయ్ నుంచి వచ్చిన ఒక తెల్లాయన మంచివాడే. "మీరు రోజూ ఏం వండుతారు? దాన్నిబట్టి ప్లాన్ గీస్తాను" అని అడిగాడు. "ఏమీ వండం" అన్నారు చక్రపాణి గారు, గర్వంగా. ఆ సమయానికి గరాజ్‌లోంచి సాంబారు వాసన వస్తోంది. ఆ తెల్లాయన ఒకసారి ముక్కు ఎగబీల్చి, చాలా మర్యాదగా సెలవు తీసుకుని, ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు.

ఫణి గుమ్మం దగ్గరే షూస్ విప్పాడు. గెలిచాడు. వాటికి సిమెంట్ అంటుకుని ఉందనీ, అందుకే విప్పాడనీ ఇతను చెప్పలేదు, ఆయన అడగలేదు.

"ఏం చదివావు బాబూ?"

"ఇంజినీరింగ్ అంకుల్. సెకండ్ ఇయర్‌లో మానేశాను."

"అయ్యో" అన్నారు చక్రపాణి గారు, ఫణికి ఏదో నయంకాని జబ్బుందని తెలిసినట్టు. ఆ జాలితోనే రోజూ ఈమెయిల్‌లో తప్పుల జాబితా పంపడం మొదలుపెట్టారు. ఐటెం నంబర్ పద్నాలుగు: డ్రాయర్ మూస్తే చప్పుడు. తీవ్రత: మధ్యస్థం. ఫణి అన్నింటికీ ఒకటే జవాబు రాసేవాడు: "ఇంకా బిగించలేదు అంకుల్."

"ఫణీ, బయటికి రా నాన్నా" అంది సుబ్బులు గారి గొంతు. "నువ్వే చెప్పు. నీకు ఆయన దగ్గర మొహమాటం లేదుగా."

ఫణి పాకుతూ బయటికొచ్చాడు. "అంకుల్, మీరు కొన్న హుడ్ పొగని బయటికి పంపదు. పైకి పీల్చి, జల్లెడలోంచి తిప్పి, మళ్లీ ఆంటీ మొహం మీదే ఊదుతుంది."

"మేం లోపల వండం కదయ్యా. ఊదడానికి పొగెక్కడిది?"

"మరి హుడ్ ఎందుకు?"

"ఉండాలి. కొనేవాళ్లు అడుగుతారు."

ఇలాంటి తర్కానికి జవాబు చెప్పడం ఇంజినీరింగ్ మూడో ఏడులో నేర్పుతారేమో, ఫణికి తెలియలేదు. తనకి తెలిసిందే చెప్పాడు: "శుక్రవారం ఆ గోడకి టైల్ వేసేస్తాను. వేశాక కన్నం కావాలన్నా నేను ముట్టుకోను."

"శుక్రవారం దాకా టైముందన్నమాట" అన్నారు సుబ్బులు గారు. ఆ సాయంత్రమే హెర్న్‌డన్‌లో ఉన్న కూతురు కృతి దగ్గరికి ఫ్లైట్ బుక్ చేసుకుని, వచ్చే ఆదివారానికి తిరిగొస్తానని చెప్పి వెళ్లిపోయారు. ఫ్రిజ్‌లో పెరుగు తప్ప ఏమీ వదల్లేదు.

సోమవారం చక్రపాణి గారు పెరుగన్నం తిన్నారు. మంగళవారం శాండ్‌విచ్ తెచ్చుకుని, ఇదీ బాగానే ఉందని ఫణికి రెండుసార్లు చెప్పారు. బుధవారం మంచు పడుతుంటే, బంగాళాదుంపలు పట్టుకుని గరాజ్‌లోకి దిగారు. ఫణి అక్కడే ఓ మూల టైల్స్ కోసుకుంటున్నాడు.

స్టవ్ వెలిగిస్తే పొగ. పొగ పోవడానికి షట్టర్ రెండడుగులు ఎత్తితే చలిగాలి. గాలికి మంట ఆరిపోతుంది. వెలిగిస్తే మళ్లీ పొగ. మూడుసార్లు ఈ ప్రదక్షిణ అయ్యాక ఆయన మేకుకి తగిలించి ఉన్న సుబ్బులు గారి పాత కోటు వేసుకున్నారు. దాని చేతుల నిండా నూనె చిందిన మచ్చలు. జేబులో చెయ్యి పెడితే ఒక జత ఉన్ని గ్లవ్స్ దొరికాయి.

"ఇవేంటి ఫణీ, వేళ్ల దగ్గర చిరిగిపోయాయి?"

ఫణి మెషిన్ ఆపి చూశాడు. "చిరగలేదంకుల్. కత్తిరించారు. వేళ్లు బయటుంటేనే గరిటె జారదు."

"నీకెలా తెలుసు?"

ఫణి తన చేతులు ఎత్తి చూపించాడు. అతని గ్లవ్స్ కూడా అలాగే కత్తిరించి ఉన్నాయి.

చక్రపాణి గారు ఆ గ్లవ్స్‌ని బ్రేకు పరీక్షించినట్టు అటూ ఇటూ తిప్పి చూశారు. ఎన్ని చలికాలాలో లెక్క వేస్తున్నట్టు పెదవులు కదిపారు. ఈలోగా బంగాళాదుంపలు ఒకవైపు మాడాయి, రెండోవైపు పచ్చిగా ఉన్నాయి. ఆయన వాటిని అలాగే తిన్నారు, నిలబడే.

గురువారం పొద్దున్నే ఫోన్ మోగింది. స్పీకర్‌లో కృతి. "డాడ్, అమ్మ సండే రాను అంటుంది. ఇక్కడ ఇన్‌సైడ్ వండుతుంది, సో హ్యాపీ. నెక్స్ట్ వీక్ కూడా డౌటే."

ఆయన "సరేలేమ్మా" అని పెట్టేశారు. ఆ తర్వాత గంటసేపు ఈమెయిల్ ఏదీ రాలేదు. ఫణికి అనుమానం వచ్చింది. మధ్యాహ్నానికి ఆయనే వచ్చి, అతను గోడకి గీస్తున్న గీతల్ని చూస్తూ నిలబడ్డారు.

"ఆ హుడ్ రిటర్న్ తీసుకుంటారా?"

"తీసుకుంటారు. డబ్బా విప్పలేదుగా."

"కన్నం ఎంత పెట్టాలి?"

"ఎనిమిది అంగుళాలు."

"ఆరు సరిపోదా?"

"మీ ఇంటి పోపుకి సరిపోదంకుల్."

చక్రపాణి గారు నిట్టూర్చారు. పుట్టబోయే కొనుగోలుదారుకి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నట్టుంది ఆ నిట్టూర్పు. "సరే, పెట్టు."

"ఆంటీకి ఫోన్ చేసి చెప్పండి. సంతోషిస్తారు."

"నేనా?" ఆయన వెనక్కి తిరిగి ఖాళీ హాల్‌ని ఒకసారి చూసి, గొంతు తగ్గించారు. "నువ్వు చెయ్యి. సిటీవాళ్లు రూల్ మార్చారనీ, కన్నం పెట్టక తప్పడం లేదనీ చెప్పు. నేను ఆఖరి నిమిషం దాకా ఒప్పుకోలేదని కూడా చెప్పు, మర్చిపోకు. అది చెప్పాక... ఆదివారానికి వస్తుందేమో, కొంచెం నువ్వే అడిగి చూడు బాబూ."