అనుబంధం నాలుగులో నా గొంతు

నిన్నటి నుంచీ మా చర్చిలో సగం మంది నా చెయ్యి పట్టుకుని "ధైర్యంగా ఉండండి బ్రదర్" అంటున్నారండీ! నాకు రోగం లేదు, నొప్పి లేదు. పుట్టి బుద్ధెరిగాక మందు చుక్క ముట్టినవాణ్ణి కాదు. అయినా పరువు గంగలో కలిసింది. ముందు టీ చెప్పండి, తర్వాత నవ్వుదురుగాని. సమోసా కూడా చెప్పండి, పొద్దున్న ఇంట్లో టిఫిన్ పెట్టలేదు.

మా తార్నాక ఫ్లాట్‌కి ఎదురుగా బార్ ఉంది కదా? దాని వెనక సందులోనే మా క్వయర్ మాస్టారు జాన్సన్ గారిల్లు. చర్చి హాల్లో రిపేర్లు జరుగుతున్నాయని నాలుగు నెలల కిందట పాటల ప్రాక్టీసంతా ఆయన డాబా మీదికి మార్చారు. మంగళవారం, శుక్రవారం, సాయంత్రం ఏడింటికి. నేను ఇరవై ఏళ్లుగా వెనక వరసలో నిలబడి "ఓ... ఓ..." అనే మనిషిని. ఈసారి చర్చి వార్షికోత్సవానికి ఒక్కరే పాడే సోలో ఉందన్నారు మాస్టారు. "చూద్దాం విక్టర్, శ్రుతి నిలబడితే నీకే" అన్నారు. అంతే! ఆ "చూద్దాం" పట్టుకుని బాత్రూంలో, స్కూటర్ మీద, ఆఖరికి మన ఎగ్జామ్ బ్రాంచిలో మార్కుల మెమోలకి స్టాంపులు కొడుతూ కూడా పాడాను. కిటికీ మూయమని మీరే కదా తిట్టారు!

సరిగ్గా అప్పుడే బార్‌వాళ్లు దరఖాస్తు పెట్టారు. రాత్రి ఇంకో గంట ఎక్కువ తెరిచి ఉంచుతారట, రోజూ సాయంత్రం నుంచే లైవ్ మ్యూజిక్ పెడతారట. అభ్యంతరాలుంటే ఫలానా రోజు విచారణకి వచ్చి చెప్పుకోండని ఎక్సైజ్ ఆఫీసువాళ్లు నోటీసు అంటించారు. ముందు డ్రమ్స్ మోగుతుంటే వెనక డాబా మీద మేం పాడేదేంటి? ప్రాక్టీసు లేకపోతే శ్రుతి ఎక్కడ, సోలో ఎక్కడ?

మా అపార్ట్‌మెంట్ ప్రెసిడెంట్ సుబ్బారావు గారు నాకంటే మండిపడుతున్నారు. రాత్రి తొమ్మిదికల్లా గురకపెట్టే మనిషి, ఆయనకి నిద్ర పట్టట్లేదట! "విక్టర్ గారూ, నోటిమాట చెల్లదండీ, సాక్ష్యం ఉండాలి. బార్ గోల నా బాల్కనీలోంచి నేను రికార్డ్ చేస్తాను. మీరు యూనివర్సిటీ మనిషి, ఫైలు మీరు కట్టండి" అన్నారు.

రెండు వారాల తర్వాత ఒక పెన్‌డ్రైవ్, ఒక నోట్‌బుక్ తెచ్చి చేతిలో పెట్టారు. ఏడు క్లిప్పులు, దేంట్లో ఏముందో నోట్‌బుక్‌లో రాసుకున్నారు. ఇక నా ప్రతాపం చూడాలి! అనుబంధం ఒకటి, అనుబంధం రెండు అని పేజీలు వేశాను, ట్యాగు కట్టాను. ప్రతి పేజీ కింద "పై శబ్దములను నేను స్వయంగా విని ధ్రువీకరించడమైనది" అని సంతకం పెట్టాను.

విన్నావా అంటే... అదేంటండీ, మీరే అలా అడిగితే ఎలా! మన బ్రాంచిలో ఇరవై రెండేళ్లుగా ధ్రువీకరించడమంటే సంతకం పెట్టడమే కదా. వినే తీరిక ఎవరికుంది?

నాలుగో అనుబంధానికి సుబ్బారావు గారు ఇలా రాశారు: "మంగళవారం, సాయంత్రం 7.20. తాగినవాళ్ల కేకలు. అందులో ఒకడి గొంతు మరీ ఘోరం." నాకు ఆ "ఘోరం" చప్పగా అనిపించింది. కొట్టేసి "అత్యంత కర్ణకఠోరం, వినువారికి ప్రాణసంకటం" అని టైపు చేశాను. చేతులారా, ఈ చేతులతోనే!

విచారణ పొద్దున్న పదకొండింటికి. బల్లకి ఆ పక్క ఆఫీసరు మేడమ్. ఈ పక్క మేమిద్దరం. కొంచెం ఎడంగా బార్ ఓనర్ నర్సింగ్‌రావు, తెల్లచొక్కా వేసుకుని పెళ్లికొచ్చినవాడిలా నవ్వుతూ కూర్చున్నాడు. మేడమ్ ఫైలు తిరగేసి, "ఇదేంది, అన్నీ మంగళారం, శుక్రారమే ఉన్నయ్? మిగిలిన దినాలు చప్పుడు లేదా?" అంది.

"మేడమ్, మా దగ్గర అసలు మ్యూజిక్కే లేదు" అన్నాడు నర్సింగ్‌రావు. "పర్మిషన్ రాకముందు ఎట్ల వాయిస్తం? గోడకు ఒక టీవీ ఉన్నది, గంతే."

నాకు ఒళ్లు మండింది. ఇంత పచ్చి అబద్ధమా! లేచి నిలబడ్డాను. "వింటే మీకే తెలుస్తుంది మేడమ్! నాలుగో నంబరు పెట్టించండి!"

పెట్టించారు. కంప్యూటర్‌కి రెండు స్పీకర్లు కూడా ఉన్నాయి, నా ఖర్మ. ముందు ఏదో టుంగుటుంగుమని కీబోర్డు, పదిమంది గొంతులు. వాటన్నిటి మీదా ఒకడు "ఓ... ఓఓ... ఓఓఓఓ..." అని అందుకున్నాడు. అయ్యబాబోయ్, దూడ తప్పిపోయిన గేదె కూడా అలా అరవదు! మేడమ్ కళ్లజోడు తీసి పక్కన పెట్టేసింది.

"ఈయనకు బాగనే ఎక్కినట్టుంది" అంది.

"చూశారా మేడమ్!" అన్నాను నేను, బల్ల మీద చెయ్యి చరిచి. "సాయంత్రం ఏడింటికే ఈ స్థితి! ఇలాంటివాడు రోడ్డు మీదికొస్తే ఆడపిల్లలు ఎలా నడుస్తారండీ? వీడికి పెళ్లాంబిడ్డలు లేరా? సిగ్గుండాలి!"

సుబ్బారావు గారు "అదీ, అలా గడ్డి పెట్టండి" అని నా వీపు తట్టారు.

అప్పుడు పాట ఆగింది. స్పీకర్లోంచి జాన్సన్ మాస్టారి గొంతు స్పష్టంగా వినిపించింది. "విక్టర్! బాబూ విక్టర్! నువ్వు కాసేపు ఊరుకో నాయనా. నువ్వు ఆపితే మిగతావాళ్లకి శ్రుతి దొరుకుతుంది."

మేడమ్ మెల్లగా ఫైలు మొదటి పేజీ తిప్పి, నా పేరు చూసి, నా మొహం చూసింది.

"బార్‌లో కూడా ఇంకో విక్టర్ ఉన్నాడన్నమాట!" అన్నారు సుబ్బారావు గారు. పాపం, ఎంత అమాయకుడండీ!

"స్వయంగా విన్న అని సంతకం పెట్టిన్రు కదా?" అని అడిగింది మేడమ్.

"స్వయంగా పాడానండీ" అన్నాను.

నర్సింగ్‌రావు కుర్చీలోంచి జారిపోయేలా నవ్వాడు. బంట్రోతు నవ్వాడు. మేడమ్ ఫైలు అడ్డం పెట్టుకుంది గానీ ఫైలు ఊగుతోంది. వారం తర్వాత ఆర్డరు వచ్చింది. బార్‌కి అదనపు గంట ఇవ్వలేదు. మ్యూజిక్ మాత్రం తలుపులు మూసుకుని, చప్పుడు బయటికి రాకుండా పెట్టుకోవచ్చట. చివర్న ఒక వాక్యం: "వెనక సందులో డాబాపై పాడు బృందము వారు తమ ధ్వనిని తగ్గించుకొనవలెను." బృందం అని రాసింది ఆవిడ మంచితనం. ఎవరి ధ్వనో అందరికీ తెలుసు!

డాబా పోయింది. నా సోలో కూడా పోయినట్టే అనుకున్నాను. ఆ సాయంత్రం నర్సింగ్‌రావు గేటు దగ్గర ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. కొడతాడేమో అనుకున్నా! "అన్నా, ఫికర్ చెయ్యకు. మా మీది హాలు సాయంత్రం ఏడు దాకా ఖాళీగనే ఉంటది. చప్పుడు బయటికి పోకుండ గోడలు చేయించిన. మైకులున్నయ్. మీరొచ్చి పాడుకోన్రి" అన్నాడు. కేసు పెట్టినవాణ్ణి పిలిచి హాలిస్తున్నాడండీ! నాకు కళ్లు చెమర్చాయి.

జాన్సన్ గారు మూడు రోజులు ఆలోచించి, "పాడటానికే కదా వెళ్తున్నాం. పాస్టర్ గారికి మెల్లగా చెబుదాం" అన్నారు. ఆ "మెల్లగా" ఇంతవరకూ రాలేదు. ఏడింటి ప్రాక్టీసు ఐదున్నరకి మార్చాం. అదే మంగళవారం, అదే శుక్రవారం. ఆడవాళ్లు ముసుగేసుకుని, మగవాళ్లు హెల్మెట్ తీయకుండా పక్క మెట్లెక్కి బార్‌లోకి!

నర్సింగ్‌రావు కుర్రతనంలో పెళ్లి బ్యాండులో వాయించాడట. మైకు నా చేతికిచ్చి, స్పీకరు బాక్సు నా వైపు తిప్పాడు. ఇరవై ఏళ్లలో మొదటిసారి, పాడుతుండగానే నా గొంతు నాకు వినిపించింది. ఓరి దేవుడా! సుబ్బారావు గారు దయతలిచి తక్కువే రాశారు! "జర కిందికి దించు అన్నా... ఇంక జర... ఆ, గాడ పట్టుకో!" అని నర్సింగ్‌రావే చెయ్యి ఊపుతూ నేర్పాడు. ఆరు వారాల్లో శ్రుతి నిలబడింది. సోలో నాదే!

నిన్న ఆదివారం వార్షికోత్సవం. పాడానండీ. పాట అయ్యాక చర్చంతా ఒకటే చప్పట్లు. మా ఆవిడ సుజాత కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ ఒక్క నిమిషం నా అంత ధన్యుడు లేడు. పాస్టర్ గారు మైకు అందుకుని, "విక్టర్ బ్రదర్ గొంతులో ఇంత మార్పు ఎక్కడి నుంచి వచ్చింది?" అన్నారు.

నేను పిలిచినందుకు నర్సింగ్‌రావు వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. ఆనందం పట్టలేక లేచి నిలబడ్డాడు.

"మా దగ్గర్నే సార్! నా బార్‌ల! మంగళారం, శుక్రారం పక్కాగ వస్తడు. ఒక్కనాడు నాగా లేదు!"

క్వయరంతా పాటల పుస్తకాల్లో తలలు దూర్చేసింది. జాన్సన్ గారు వంగి, లేని బూటు లేసు కట్టుకుంటున్నారు. సుజాత కొంగు కళ్ల మీంచి నోటి మీదికొచ్చింది. నేను నోరు తెరిచేలోపే పాస్టర్ గారు కళ్లు మూసుకుని నా కోసం ప్రార్థన మొదలుపెట్టేశారు, పేరు పెట్టి మరీ!

ఇప్పుడు నా తాగుడు మాన్పించడానికి మా ఇంట్లోనే ప్రత్యేక ప్రార్థన పెట్టారు. రేపు మంగళవారం సాయంత్రం ఐదున్నరకట. పొద్దున్న పాస్టర్ గారే ఫోన్ చేసి, "తప్పకుండా ఉండాలి బ్రదర్" అన్నారు. కంగారులో ఉన్న మాట ఉన్నట్టు చెప్పేశాను.

"కుదరదండీ, ఆ టైముకి నేను బార్‌లో ఉండాలి."