మెలితోన్‌కి నచ్చని నీళ్లు

లోవా నది ఒడ్డున ఆ ఊరి నీళ్ల మిషను సెనోబియా చేతికిందే ఉండేది. లోపల నల్లటి పొర, కరెంటు పారే పొర. సోలార్ పలకల నుంచి సన్నగా కరెంటు వదిలితే, నదిలోని ఉప్పూ పాషాణమనే విషమూ దాన్ని దాటలేక అవతలే ఆగిపోయేవి. పొర మీద జిడ్డు పట్టిందంటే కరెంటు తిరగేసి వదిలించేది. ఊరంతా ఆ నీళ్లే తాగింది. ఆవిడ మొగుడు మెలితోన్ తప్ప!

"ఇవేం నీళ్లే, చప్పగా? టీ కాస్తే టీలాగే లేదు."

"అరచేతుల్లో ఆ మచ్చలు ఎక్కణ్ణుంచి వచ్చాయనుకున్నావయ్యా? డాక్టరమ్మ మాట చెవికెక్కదా?"

"మా అయ్య బతికినన్నాళ్లూ నది నీళ్లే తాగాడు."

"చివరికి ఎంత నరకయాతన పడి పోయాడో అదీ చెప్పు మరి!"

మూతి ముడుచుకుని మేత మడికి వెళ్లిపోయేవాడు. మొండి ఘటం! ఇలా కాదని సెనోబియా మిషను నీళ్లలో చిటికెడు ఉప్పేసి, "నది నీళ్లే, తాగి ఏడువు" అని టీ కాచి ఇచ్చింది. ఒక గుక్క తాగి, "ఇదీ టీ అంటే!" అన్నాడు. వంటింట్లోకి వెళ్లి నోటికి శాలువా అడ్డం పెట్టుకుని నవ్వుకుంది పిచ్చిది. మొగుణ్ణి దక్కించుకున్నాననే అనుకుంది.

ఏం లాభం? మరుసటేడు మూత్రంలో నెత్తురు పడింది. పట్నం ఆసుపత్రిలో కాన్సరన్నారు, ముదిరిపోయిందన్నారు.

"కోప్పడకే," అన్నాడు మంచం మీంచి. "మడి దగ్గర నది నీళ్లే తాగేవాణ్ణి."

"మరి ఇంట్లో అంత మెచ్చుకున్నావు కదయ్యా!"

"ఉప్పేశావని మొదటి గుక్కకే తెలిసింది. నీ ముఖం అంత వెలిగిపోతుంటే కాదనబుద్ధి కాలేదు."

నాలుగు దులిపేద్దామనుకుంది. కానీ అతని చెయ్యి పట్టుకుని భోరుమంది. వారం తిరక్కుండానే పోయాడు.

నవంబరులో, పోయినవాళ్లు ఇంటికొచ్చే రోజున, బల్ల మీద రొట్టె బొమ్మలు, అతను నమిలే కోకా ఆకులు సర్దింది. దాహంతో వస్తారని గ్లాసుడు నీళ్లు కూడా పెట్టాలి. పక్కింటి ఆసున్త మిషను నీళ్లు ముంచబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. అతని రేకు మగ్గు తీసుకుని తనే నదికి వెళ్లి ముంచుకొచ్చింది.

"అయ్యో వదినా, ఆ నీళ్లా?" అంది ఆసున్త.

సెనోబియా మగ్గులో నీళ్లు గ్లాసులోకి వంచి, అతని ఫొటో ముందుకు జరిపింది.

"తాగయ్యా," అంది. "ఇక నిన్నేం చేస్తాయి?"