వెర్లీనత్త ద్వారబంధం

ముప్పైయొక్క ఏళ్లు బడి వంటశాలలో ఎర్ర చిక్కుడు గింజలు వండిపెట్టిన వెర్లీనత్త మొన్న మంగళవారం తన వంటింటి ద్వారబంధం ఊడబీకించింది. పీకింది నేనే. పక్కింటివాణ్ణి, ఏభై దాటినా ఆమెకి భయపడేవాణ్ణి.

వానలు ఏటికేడు ముదురుతున్నాయని లూసియానాలో మా ఊరికి కాలువలకూ పంపులకూ నిధి వచ్చింది. ఇన్నాళ్లూ పక్కనపెట్టిన నల్లవాళ్ల పేటలకే అందులో సగం ముందు ఖర్చుపెట్టాలన్నది కొత్త నిబంధన. దానికోసం అత్త ఆరేళ్లు సభల చుట్టూ తిరిగింది. తీరా చూస్తే నగరం గీసిన ముంపు పటంలో మా వీధి పొడిగా ఉంది. మునిగినట్టు రుజువు తెమ్మన్నారు. రుజువు కాగితాలన్నీ ఆ ముంపుల్లోనే పోయాయి.

"ద్వారబంధం పోలేదుగా," అంది అత్త.

దానిమీద మా వీధి పిల్లలందరి ఎత్తులూ కత్తిగాట్లుగా ఉన్నాయి. ఇల్లు మునిగినప్పుడల్లా నీటికీ ఒక గాటు, పక్కన తేదీ. పిల్లలకీ వరదకీ ఒకటే కత్తి.

దాన్ని మోసుకెళ్తే నగర సభ గుమ్మంలో కాపలావాడు ఆపాడు. "ఏంటమ్మా ఇది?"

"నా అర్జీ. నిలబడి చూస్తావేం, ఆ తలుపు పట్టుకో నాయనా."

లోపల ఒక సభ్యుడు కళ్లద్దాలు సర్దుకున్నాడు. "ఈ గాట్లు నిన్న కూడా పెట్టొచ్చు కదండీ?"

వెనక బల్లల నిండా కూర్చున్న మా చర్చి పాటగత్తెలు ముందుకి వంగారు. అత్త మాత్రం ఒక గాటు మీద వేలు ఆనించింది.

"లేవరా ఆల్టన్. ఇది చదువు."

వద్దన్నట్టు చూశాను. వేలు కదల్లేదు. లేచి చదివాను. "ఆల్టన్, పదకొండేళ్లు. నాలుగడుగుల అయిదంగుళాలు." దాని కింద ఇంకో గాటు. "బూట్లు విప్పించాక, నాలుగడుగుల మూడున్నర. మోసగాడు."

"బూట్లలో ఏం కుక్కావో అయ్యగారికి చెప్పు."

"వార్తాపత్రికలండీ. ఆదివారంవి."

సభంతా గొల్లున నవ్వింది. చెవులు కాలిపోయాయి నాకు.

"పసివాడికే అంగుళమున్నర వదల్లేదండీ నేను," అంది అత్త. "వరదకి వదుల్తానా?"

నగరం ఇంజనీరమ్మ ఎవరూ పిలవకుండానే టేపుతో వచ్చి మోకాళ్లమీద కూర్చుంది. ఎనిమిది ముంపులు. వాటిలో ఒకటి నేను మోసం చేసిన ఏడాదిదే. ఆనాటి నా గడ్డం దగ్గరికొచ్చింది. ఆమె అంకెలు చదువుతుంటే ఒక్కరూ నవ్వలేదు.

ఒప్పుకునే సభ్యుల్ని చేతులెత్తమన్నారు. నాలుగు, అయిదు, ఆరు. చివరికి కళ్లద్దాలాయన కూడా ఎత్తాడు. పాటగత్తెలు బల్లలు వాయించేశారు. మొదటి పంపు మా వీధి చివరే!

సాయంత్రం ద్వారబంధం మళ్లీ బిగించి, నిటారుగా ఉందా లేదా అని దానికి ఆనుకుని నిలబడ్డాను.

అత్త సొరుగులోంచి కత్తి తీసింది.

"బూట్లు విప్పు," అంది.