మొన చూసి కొన్న స్క్రూలు

ఆమధ్య ఒక ఆదివారం మా పెరట్లో షెడ్డు లేసిందప్పా. లేసిందంటే కట్టినామని కాదు. నిజంగానే లేసింది, గాల్లోకి! నవ్వొద్దండి. టీ తాగుతా నిదానంగా వినండి.

మీకు తెలుసు కదా, ఆళ్లగడ్డలో మాది రాతి పని. తాత, నాయన, నేను, అందరం విగ్రహాలు చెక్కినోళ్లమే. ఇన్నేండ్లూ ఇంటి వసారాలోనే చెక్కుతాంటి. ఆ దుమ్మంతా వంటింట్లోకి పోయి, మా ఇంటామె లక్ష్మికి దగ్గు పట్టుకొనింది. నంద్యాల్లో డాక్టరుకు చూపిస్తే మందులు రాసి, "మందుల సంగతి తర్వాత, ముందు ఈమెను ఆ రాతిదుమ్ముకు దూరంగా పెట్టు" అని గట్టిగా చెప్పె. అన్నం తింటా తింటా ఆమె దగ్గి దగ్గి ముద్ద పక్కన పెట్టేస్తాంటే నేనూ కంచం పక్కకు జరిపేస్తాంటి. భయమేసింది అప్పా, నిజం చెప్తాండా. అందుకే పెరట్లో ఆ చివరన రేకుల షెడ్డు వేసి, పనంతా ఆడికి మార్చేద్దామనుకుంటి.

వెల్డింగు దస్తగిరి వచ్చి ఇనుప పైపులతో ఫ్రేము నిలబెట్టినాడు. రేకులూ వచ్చినాయి, నీలం రంగువి. పెండ్లికని కొలిమిగుండ్లకు పోయేముందు దస్తగిరి నాకు స్క్రూల గురించి చాలాసేపు చెప్పినాడు పాపం. నేనూ ఊ కొడతానే ఉండా. కానీ అప్పుడే నల్లమల మీద ఒక మబ్బు వచ్చి నిలబడింది. అచ్చం పండుకొన్న నంది! మెడ యాడ అయిపోయిందో, మూపురం యాడ మొదలైందో తెలియనంత మెత్తగా ఉండాది. రాతిలో ఆ మెత్తదనం ఎట్ల తెస్తారబ్బా అని నేను దాంట్లోనే ఉండిపోతి. దస్తగిరి చెప్పినదాంట్లో నా చెవిన పడినవి రెండే ముక్కలు. ఒకటి, "సెల్ఫ్ స్క్రూలు." రెండు, "మొన చూసి తీసుకో అన్నా." సోమవారం తానే వచ్చి బిగిస్తానని, నన్ను చెయ్యి పెట్టొద్దని కూడా చెప్పినాడంట. అది మబ్బు తినేసింది.

శనివారం నంద్యాలకు పోయినా. లక్ష్మి మందులు తీసుకొని, హార్డ్‌వేర్ అంగట్లోకి పోయి, "సెల్ఫ్ స్క్రూలు చూపించప్పా, రేకులకు" అన్నా. అంగడాయన గ్లాసు బల్ల మీద రెండు రకాలు పోసినాడు. ఒకదాని కొస చూస్తే ముక్కు కోసేసినట్టు మొద్దుగా ఉండాది. రెండోదాని కొస సూది! వేలికి ఆనిస్తే చురుక్కుమనింది.

"ఇదేందప్పా, మొన అరిగిపోయిన సరుకు అంటగడతాండావ్?" అన్నా మొద్దుదాన్ని చూపించి.

"అరిగిపోలేదన్నా, అది అట్లే ఉంటాది. ఇంతకీ మీది ఇనుప పైపా, కట్టె దూలమా?"

నేను జవాబు చెప్తే కదా! ఆ సూది స్క్రూను వెలుతురుకు పెట్టి తిప్పుతాండా. మర మీద వెలుగు పైకి పాకుతా పోతాంది, తీగ మాదిరి. భలే ఉండాదే అనుకుంటాండా.

"మొన మంచిదైతే దేంట్లోకైనా దిగుతాదిలేప్పా," అన్నా చివరికి. "ఆళ్లగడ్డోళ్లకు మొన గురించి చెప్తావా? పుట్టినకాన్నుంచి ఉలి మొనతో బతుకుతాండాం."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, సూదివే పొట్లం కట్టిచ్చినాడు. ఆళ్లగడ్డోనితో వాదమెందుకు అనుకున్నాడేమో.

బస్సులో కిటికీ పక్కన కూర్చొని ఆ పొట్లం ఒళ్లో పెట్టుకుంటి. వాన పడతాండాది, నీలం రేకుల మీద టపటపా అంటాండాది, లోపల వెలుతురు కూడా లేత నీలంగా ఉండాది. నేను మబ్బు నందిని చెక్కుతాండా. లక్ష్మి కాఫీ తెచ్చిచ్చి, ఒక్కసారి కూడా దగ్గకుండా, "బాగుండాదయ్యా" అంటాంది. ఇదంతా కలే. కండక్టరు భుజం తట్టి, "ఏం పెద్దాయనా, ఆళ్లగడ్డ టికెట్ తీసుకొని కడప దాకా వస్తావా?" అనేసరికి ఊరు దాటి చానా దూరం వచ్చేసినాం. ఎండలో వెనక్కి నడిచినా.

ఆదివారం పొద్దున్నే నిచ్చెన వేసినా. దస్తగిరి పెండ్లి నుంచి వచ్చేదాకా ఎందుకు, ఆమెకు ఇంకో పూట దగ్గు ఎందుకు అని నా ఆత్రం. లక్ష్మి నిచ్చెన పట్టుకొనింది. డ్రిల్లింగ్ మిషన్‌కు స్క్రూ తగిలించి నొక్కినా. రేకు వరకూ జుయ్యిమని పోయింది. పైపు తగలంగానే కిర్రో అని అరుస్తా అక్కడక్కడే తిరుగుతాంది గానీ దిగదు! తీసి చూస్తే సూది మొన నల్లబడి, నున్నగా గుండ్రమైపోయింది. ఇంకోటి పెడితే అదీ అంతే.

"దస్తగిరి వచ్చేదాకా ఉండకూడదా? ఆత్రగానికి బుద్ధి మట్టు," అనింది కింద నుంచి, దగ్గుతా.

ఆ దగ్గు వినేసరికి నాకు ఇంకా పట్టుదల వచ్చింది. ఉలి, సుత్తి తీసుకుంటి. రాతినే లొంగదీసినోనికి ఇనుప పైపు ఒక లెక్కా! ఠంగ్ ఠంగ్ అని పైపుకు చిల్లు పొడిచినా. స్క్రూ పెడితే, అల్లుడు అత్తగారింట్లోకి పోయినట్టు, ఏ అడ్డూ లేకుండా లోపలికి పోయింది. అబ్బ, ఎంత సులభంగా ఉండాది అనుకున్నా. ఎందుకంత సులభంగా ఉండాదో మాత్రం అనుకోలేదు. చిల్లు పెద్దదైపోయి, స్క్రూ మర దేన్నీ పట్టుకోలేదు. అట్లే మధ్యాహ్నానికంతా అన్ని రేకులూ బిగించేస్తి.

సాయంత్రం మంచమేసుకొని షెడ్డు కింద పండుకుంటి. లోపలంతా నీలం వెలుతురు. లక్ష్మి కూడా వచ్చి మంచం అంచున కూర్చొనింది. అంతలో నల్లమల దిక్కు నుంచి గాలి లేసింది. నెత్తి మీద టిక్, టిక్ అని స్క్రూలు ఊడి పడతాండాయి, ఒకటి నా పొట్ట మీద. నేను దాన్ని చేతిలోకి తీసుకొని చూస్తాండా. ఆమె నా చెయ్యి పట్టి బయటికి లాగిందో లేదో, ఫడేల్ అని ఒక రేకు పైకి లేసిపాయె!

సత్యంగా చెప్తాండా, అది ఎగిరేది చూస్తే భలే ఉండింది. మెల్లగా తిరుగుతా, ఎండకు ఒకసారి మెరిసి, చెరువులో చేప వెల్లకిలా తిరిగినట్టు తిరిగింది. "చూడే, ఎంత బాగా పోతాందో!" అన్నా నోరు తెరుచుకొని.

"నోరు మూసుకొని గోడ పక్కకు రాయ్యా!"

రేకు గోడ దాటి, పక్కింటి మార్తమ్మ టీచరు పెరట్లో దిగింది. దేవుని దయ, ఎవురికీ దెబ్బ తగలలేదు. టీచరమ్మ గోడ మీద నుంచి తొంగి చూసి, "బ్రహ్మయ్యన్నా, నీ షెడ్డు మా ఇంటికొచ్చింది. కాఫీ ఇచ్చి పంపేదా?" అనింది.

సోమవారం దస్తగిరి వచ్చి, కింద పడిన స్క్రూ ఒకటి ఎత్తి చూసి తల పట్టుకున్నాడు. "ఇవి కట్టెకు కొట్టేవన్నా! మొన చూసి తీసుకోమంటి కదా! ఆ మొద్దు కొస ఉంటాదే, అదే డ్రిల్ బిట్టు. అదే ఇనుము తొలుస్తాది, అదే మర వేసుకుంటాది, అదే బిగుసుకుంటాది. అందుకే సెల్ఫ్ అనేది."

"నేను సెల్ఫ్ అంటే నన్నే బిగించుకోమన్నారనుకుంటినే!" అన్నా. దస్తగిరి అట్లే కూలబడి నవ్వినాడు.

మళ్లీ నంద్యాలకు పోతే, ఈసారి లక్ష్మి తోడొచ్చింది. అంగడాయన నన్ను చూడంగానే సూది స్క్రూల డబ్బా మీద చెయ్యేసినాడు. ఆమె, "అవి వద్దన్నా, మొద్దువే ఇయ్యి. ఇరవై ఏండ్లుగా మొద్దుతోనే కాపురం చేస్తాండా, నాకేం భయం లేదు," అనింది. అంగడంతా నవ్వే.

దస్తగిరి బిగిస్తాంటే ఆ మొద్దు స్క్రూలు సన్నగా ఇనుప పొట్టు రాల్చుకుంటా పైపులోకి దిగి, రబ్బరు వాషరు రేకుకు అతుక్కొని నిలబడినాయి. తర్వాత ఎంత గాలి వచ్చినా రేకు కదల్లేదు. నేను ఉలి, సుత్తి, రాయి అన్నీ ఎత్తుకొని ఆడికి మారిపోతి. ఇంట్లో దుమ్ము లేదు. లక్ష్మికి దగ్గు చానా తగ్గింది, కడుపు నిండా తింటాంది. నాకు ప్రాణం లేసొచ్చింది.

ఒకటే చిక్కు. ముందు నన్ను తిట్టేటప్పుడు మధ్యలో దగ్గొచ్చి సగంలోనే ఆగిపోయేది. ఇప్పుడు ఒక్క దమ్ములో, ఆపకుండా, పెరటి చివర షెడ్డు దాకా వినపడేటట్టు పూర్తిగా తిడతాంది!