ఒక్క మిషనా, రెండు మిషన్లా

డీలరు చూపించిన చిలక బొమ్మ నాకు నచ్చలేదు. పెద్ద ప్రింటర్లు అమ్మే ప్రతి షోరూములోనూ గోడ మీద ఒక చిలక ఉంటుంది. ఎరుపూ పసుపూ ఆకుపచ్చా దండిగా పడితే ఏ మిషన్‌లోనైనా చిలక అందంగానే వస్తుంది. నా పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ఒకటే ఫైలు. అయిదడుగుల వెడల్పున ఉత్త బూడిదరంగు, దాని కింద విడిగా వేలెడు ఎత్తున రెండు వరుసల తెలుగు అక్షరాలు. "ఇది కొట్టి చూపించండి" అన్నాను. డీలరు నన్నూ మా ఆయన్నీ మార్చి మార్చి చూశాడు. మా ఆయన గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు.

పద్నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేశాను. పక్కవాళ్లు చేసినదాంట్లో తప్పులు వెతకడానికి నాకు జీతం ఇచ్చేవాళ్లు. ఎనిమిది నెలల కిందట ఒక పొద్దున మీటింగుకి పిలిచి ఆ జీతం ఆపేశారు. అప్పటి నుంచి గోపన్‌పల్లిలో మా ఆయన నడిపే బోర్డుల షాపులో కూర్చుంటున్నాను. కూర్చుంటున్నాను అనడం అబద్ధం. కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ఫోను తీయడం, మెయిల్ చూడడం, పెట్టేయడం, రెండు నిమిషాలకు మళ్లీ తీయడం. పాత టీమ్ లీడ్ చెప్పిన ఒక కంపెనీవాళ్లు షాపులో ఉండగానే ఫోనులో ఇంటర్వ్యూ చేశారు. త్వరలో చెబుతామన్నారు. ఆ 'త్వరలో' అయ్యేలోపు నాకు పిచ్చెక్కేలా ఉంది.

మా ఆయన్ని నేను మొదట చూసింది మాదాపూర్‌లోని మా ఆఫీసులోనే. మీటింగు గదుల అద్దాలకు తెల్లటి ఫిల్మ్ అంటించడానికి వచ్చాడు. "ఆ మూల బుడగ ఉందండీ" అన్నాను. వంగి చూసి, "అవ్, ఉన్నది" అని మొత్తం పీకి మళ్లీ అంటించాడు. తప్పు చూపిస్తే కోపం తెచ్చుకోని మగవాణ్ణి అంతకు ముందు నేను చూడలేదు. వదులుకోదలచలేదు, పెళ్లి చేసుకున్నాను. ఆ రోజు అలవాటైన 'అండీ' మాత్రం ఇంకా పోలేదు.

షాపులో పాత ప్రింటర్ పాడైంది. బాగు చేయడం కుదరదన్నారు. కొత్తది కొనక తప్పదు. అక్కడే మా ఇద్దరికీ చెడింది.

ప్రింటింగూ కటింగూ రెండూ చేసే ఒకే మిషన్ తీసుకుందామని ఆయన పట్టు. "ఒక్క దెబ్బకు రెండు పిట్టలు గదా" అంటాడు. ప్రింటర్ వేరుగా, కట్టర్ వేరుగా ఉండాలని నా పట్టు. స్టిక్కర్ ప్రింటయ్యాక ఒక రోజు ఆరాలి. దాని మీద లామినేషన్ వేయాలి. అప్పుడు అక్షరం చుట్టూ కత్తిరించాలి. ఒకటే మిషనైతే కత్తిరించినంతసేపూ ప్రింటింగ్ ఆగిపోతుంది. అది చెడిందా, రెండు పనులూ మూలపడతాయి. ఇదంతా కాగితం మీద బొమ్మ వేసి మరీ చెప్పాను. ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, "అయినా ఒకటే చాలు" అన్నాడు. మామూలుగా నాలుగోసారికి నా మాట ఒప్పుకునే మనిషే. ఈసారి తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్టు కూర్చున్నాడు. కారణం అడిగితే చెప్పడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మొదట బాచుపల్లిలో ఒక షోరూము చూశాం. అక్కడ నా బూడిదరంగు కాస్త గులాబీ రంగుకు తిరిగింది. "లైటింగ్ వల్ల మేడమ్" అన్నాడు అమ్మేవాడు. ప్రింటు చేత్తో పట్టుకుని రోడ్డు మీదికి నడిచి, ఎండలో పెట్టి చూపించాను. ఇక్కడి ఆఫీసులకు బూడిదరంగంటే ప్రాణం. గోడంతా అదే రంగు అంటించి, మూల చిన్న అక్షరాల్లో కంపెనీ పేరు పెట్టుకుంటారు. అంతస్తు ఖాళీ చేసేటప్పుడు గీకడానికి మళ్లీ మమ్మల్నే పిలుస్తారు. పోయిన నెల మా ఆయన నా పాత ఆఫీసుకే వెళ్లి, తాను అంటించిన ఫిల్మ్ తానే గీకి వచ్చాడు. ఇంటికొచ్చి నాతో ఆ మాట అనలేదు. షాపు ఫోనులో ఫొటో చూసి తెలుసుకున్నాను.

చిలక ఉన్నది రెండో షోరూములో, జీడిమెట్లలో. ఆ పొద్దున బయల్దేరే ముందే మెయిల్ వచ్చింది. నన్ను తీసుకున్నారు. వచ్చే నెలలో చేరాలి. ఎనిమిది నెలలు ఎదురుచూసిన మెయిల్ అది. చదివి, ఫోను బ్యాగులో పడేసి, ఆయన బండెక్కాను. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకే అర్థం కాలేదు. దారి పొడుగునా వెనక సీటు మీంచి రెండు మిషన్ల గురించే వాదించాను.

జీడిమెట్లలో బూడిదరంగు బూడిదరంగులాగే వచ్చింది. ఎక్కడా గీత పడలేదు. ప్రింటర్ రెండో ముక్క కొడుతుండగానే, పక్కనున్న కట్టర్‌కు మొదటిది, నమూనాయే కాబట్టి ఆరబెట్టకుండానే, ఎక్కించారు. అక్షరాల కింద ఒత్తులు కూడా శుభ్రంగా తెగాయి. సూదితో చుట్టూ ఉన్న పనికిరాని ముక్కంతా నేనే లాగాను. ఒక్క ఒత్తూ దాంతోపాటు లేచి రాలేదు.

"చూశారా?"

"మంచిగనే ఉన్నది."

"మరి?"

"ఒకటి చాలు."

డీలరు టీ తెప్పించి, ఆర్డరు పుస్తకం తేవడానికి లోపలికి వెళ్లాడు. నేనిక ఆగలేదు. "కారణం చెప్పండి. చెప్పేదాకా ఇక్కణ్ణుంచి కదలను" అన్నాను.

"రెండు మిషన్లకు ఇద్దరు గావాలె" అన్నాడు. "ఒకరు రోల్ ఎక్కియ్యాలె, ఒకరు కటింగ్ చూడాలె. నేనొక్కణ్ణి పరేషాన్ అయిత."

"ఒక్కరెందుకవుతారు? నేను లేనూ?"

ఆయన టీ కప్పు కింద పెట్టాడు. "ఇంటర్వ్యూల చెప్పినవ్ గదా, ఇంట్లోళ్ల షాపు టెంపరరీగ చూసుకుంటున్న అని. నేను షాపుల అడ్డం పలక అవతలనే ఉన్న. ఇనబడ్డది."

అన్నాను. నిజంగానే అన్నాను. మధ్యలో ఈ ఖాళీ ఏమిటని అడిగితే అందరూ చెప్పే మాటే నేనూ చెప్పాను. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. రెండు మిషన్లంటూ ఇన్నాళ్లూ ఊదరగొట్టానే, ఆ రెండోదాని ముందు ఎవరు నిలబడతారని ఒక్కసారైనా అనుకున్నానా? అప్పుడు నేను వేసిన బొమ్మ గుర్తొచ్చింది. ప్రింటర్ పక్కన ఒక మనిషి, కట్టర్ పక్కన ఒక మనిషి. కట్టర్ పక్కన మనిషికి జడ వేశాను. ఆ కాగితాన్ని ఆయన అంతసేపు ఎందుకు చూశాడో అప్పటికి తెలిసింది.

"ఉద్యోగం వచ్చిందండీ. పొద్దున చెప్పారు."

"మంచిగైంది" అన్నాడు. మనసులోంచే అన్నాడు. అందుకే నాకు ఏడుపొచ్చింది. "ఎన్నడు చేరాలె?"

"వచ్చే నెల."

"అయితే ఇగ ఒకటే రాయిద్దాం."

డీలరు పుస్తకం తెచ్చి తెరిచాడు. మిషన్ నడిపేవాళ్లకు వాళ్లే పని నేర్పుతారట. పేర్లు రాయడానికి కాగితం మీద రెండు గీతలున్నాయి. మా ఆయన పై గీత మీద తన పేరు రాశాడు. కింది గీతను కొట్టేయలేదు. ఖాళీగా వదిలి, పెన్ను మూత పెట్టకుండా బల్ల మీద ఉంచాడు.

వెళ్తే జీతం, చల్లటి గది, ఎప్పుడో మళ్లీ ఒక పొద్దున మీటింగు. ఉంటే ఇంకు వాసన, చేతిలో సూది, తప్పు చూపిస్తే కోప్పడని ఈ మనిషి. భయమేసింది. ఇప్పటికీ అప్పుడప్పుడు వేస్తుంది. పెన్ను తీసుకున్నాను.

"ప్రింటర్ వేరు, కట్టర్ వేరు. అలా రాసుకోండి" అని డీలరుతో చెప్పి, కింది గీత మీద నా పేరు మొదలుపెట్టాను.

మా ఆయన కాగితం మీదికి వంగి చూశాడు. "జర మెల్లగ రాయి. కింద కార్బన్ ఉన్నది, చినుగుతది" అన్నాడు.

అడుగున ఉన్న మూడో కాపీలో కూడా కనబడాలని ఇంకా గట్టిగా ఒత్తి రాశాను.