ఇలోనా నేని చేతిపని

ప్లాస్టర్ పొడిని నీళ్ళలో కలిపి అచ్చులో పోస్తే, గట్టిపడే ముందు కాసేపు అది తనంతట తానే వేడెక్కుతుంది. మా క్లినిక్‌లో ఎవరి పళ్ళ అచ్చు పోసినా, దాన్ని బల్లమీద పెట్టకుండా ఆ వేడి వచ్చి పోయేదాకా అరచేతిలోనే పట్టుకుని నిలబడతాను. మా అసిస్టెంటు దీన్ని నా చాదస్తం కింద జమకట్టేసింది. తడి సుద్దలాంటి ఆ వాసన, చేతిలో ఆ వెచ్చదనం నన్ను న్యూజెర్సీలోని ఐసెలిన్‌లో మేమున్న అపార్ట్‌మెంట్ల వెనక వీధికి, ఎప్పుడో మూతపడిన ఒక కార్ల రిపేరు షెడ్డులోకి తీసుకుపోతాయి. అక్కడ ఒక పెద్దావిడ మోచేతులదాకా తెల్లటి పొడితో నిలబడి, నేను ఆలస్యంగా వచ్చినందుకు కళ్ళద్దాల మీంచి చూస్తూ ఉంటారు.

ఆవిడ పేరు ఇలోనా. హంగేరీలో పుట్టిన శిల్పి. నాకు పరిచయమయ్యేనాటికే డెబ్భై దాటాయి. పేరుపెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు, మేడమ్ అంటే ఆవిడకి నచ్చలేదు. వాళ్ళ భాషలో పెద్దవాళ్ళని పేరు చివర 'నేని' చేర్చి పిలుస్తారట, మనం ఆంటీ అన్నట్టు. నాకు నవ్వొచ్చింది. మా అమ్మమ్మ పుట్టింటి పేరు చివరా నేని ఉంది. ఆ సంగతి చెప్తే ఆవిడ ఏమాత్రం నవ్వకుండా, "అయితే మనం చుట్టాలమే" అన్నారు. అప్పటినుంచీ నాకు ఇలోనా నేని.

నేను గుంటూరులో బీడీఎస్ చదివి, మూడేళ్ళు అక్కడే ప్రాక్టీసు చేశాను. పెళ్ళయ్యాక శ్రీధర్‌తో న్యూజెర్సీ వచ్చాను, డిపెండెంట్ వీసా మీద. మన డిగ్రీతో ఇక్కడ ఎవరి నోట్లోనూ వేలు పెట్టకూడదు. రాతపరీక్షలు పాసై, ఏదో ఒక డెంటల్ కాలేజీలో సీటు సంపాదించి మళ్ళీ చదవాలి. ఆ సీటు ఇచ్చేముందు చేతిపని పరీక్ష పెడతారు. మైనంలో పన్ను చెక్కాలి, ప్లాస్టిక్ పళ్ళని డ్రిల్ చేసి చూపించాలి. రాతపరీక్షలు గట్టెక్కాను. చేతిపనిలో పోయింది. గుంటూరులో రోజుకి పాతికమందిని చూసిన దాన్ని, పరీక్ష గదిలో నా వేళ్ళు వణకడం నేనే వింతగా చూస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత ఏడాదిపాటు పుస్తకాలు ముట్టుకోలేదు. పొద్దున శ్రీధర్ ఆఫీసుకి వెళ్ళగానే బయల్దేరి ఊరికే వీధులు తిరిగేదాన్ని.

అలా తిరుగుతున్న ఒకరోజు, 2007లో చలి తగ్గి చెట్లు చిగురేస్తున్నప్పుడు, ఆ షెడ్డు షట్టర్ ఎత్తి ఉండటం చూశాను. లోపల ఒక ముసలావిడ ప్లాస్టర్‌తో చేసిన పెద్ద చెవిని గీకుతున్నారు. ఆవిడ చేతిలోని పరికరం చూసి ఆగిపోయాను. సన్నటి ఉక్కు కాడ, చివర ఆకులాంటి చిన్న పలక. మైనం చెక్కడానికి మాకు కాలేజీ మొదటి సంవత్సరంలో ఇచ్చినదే. అది డెంటిస్టులది కదా అన్నాను, నాకు తెలియకుండానే.

మొద్దుబారినవి తన డెంటిస్టు తనకిచ్చేస్తాడని చెప్పి, నీకెలా తెలుసని అడిగారు. నేనూ డెంటిస్టునే అన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూశారు.

"మరి పొద్దున పదకొండింటికి రోడ్డుమీద ఏం చేస్తున్నావు?"

ఆ ప్రశ్న నన్ను అంతవరకు ఎవరూ అడగలేదు. నేను బాధపడతానని శ్రీధర్ అడగడు. వీకెండ్ పార్టీల్లో కలిసేవాళ్ళకి జవాబు తెలుసు కాబట్టి వాళ్ళూ అడగరు. షట్టర్ దగ్గర నిలబడే మొత్తం చెప్పుకున్నాను. ఆవిడ ఒక మైనం ముక్క, ఆ పరికరం నా చేతికిచ్చి చెక్కమన్నారు. పై వరస కోరపన్ను చెక్కాను. దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పారు.

"కొలతలన్నీ సరిగ్గానే ఉన్నట్టున్నాయి. కానీ ఈ పన్ను ఎప్పుడూ ఏమీ కొరికి ఎరగదు."

కోపంతో ఇంటికి వచ్చేశాను. మర్నాడు పదకొండు కాకముందే మళ్ళీ వెళ్ళాను.

రెండు నెలలు నన్ను పన్ను ఊసెత్తనివ్వలేదు. మొదట సబ్బు, తర్వాత వాల్‌నట్ కర్ర, తర్వాత సున్నపురాయి, ఆ తర్వాత రాగిరేకు. ఒకదానిలో కాస్త చెయ్యి కుదురుతోందనగానే అది తీసేసి ఇంకొకటి ముందు పెట్టేవారు. కర్రకి నార ఉంటుంది, అది ఎటు పోతోందో చూసుకోకపోతే చీలిపోతుంది. రాయి ఎక్కడ విరుగుతుందో దాని చప్పుడు చెప్తుంది. రాగిని కొట్టేకొద్దీ మొండికేస్తుంది, కాల్చి మళ్ళీ మెత్తబరచాలి. ఇవన్నీ నోటితో చెప్పడం తక్కువ, చేయించడం ఎక్కువ. మాటల్లో చెప్పినది ఒక్కటే నాకు బాగా గుర్తు. "కుడిచెయ్యి పనిచేస్తుంది. తెలుసుకునేది ఎడమచెయ్యి. నువ్వు దాన్ని ఖాళీగా కూర్చోబెడుతున్నావు."

ఒకరోజు విసుగొచ్చి, ఇప్పుడే కదా నాకు రాయి వస్తోంది, మళ్ళీ మొదటికి ఎందుకని గొడవపెట్టుకున్నాను. అప్పుడు సుత్తి పక్కన పెట్టి, స్టూలు మీద కూర్చుని తన కథ చెప్పారు. వాళ్ళ నాన్న ఇళ్ళలో చలిమంట పొయ్యిలకి మట్టి పలకలు చేసేవాడు. నడక రాకముందే ఈవిడ చేతులు మట్టిలో పడ్డాయి. శిల్పకళ చదువుకునేటప్పుడు సున్నపురాయి. చదువయ్యాక ప్రభుత్వ విగ్రహాల కర్మాగారంలో వేశారు. అక్కడ తలలు ఒకరు, బూట్లు ఒకరు చేస్తారు. ఈవిడకి ఇచ్చినవి పిడికిళ్ళు. రెండేళ్ళు పైకెత్తిన పిడికిళ్ళే ప్లాస్టర్‌లో చేశారట. ఊళ్ళో ఏ కూడలిలో ఏ నాయకుడి విగ్రహమున్నా పిడికిలి మాత్రం తనదేనని నవ్వారు. దేశంలో తిరుగుబాటు అణచివేశాక భర్తతో కలిసి బురదనేలల్లో నడిచి సరిహద్దు దాటారు. అమెరికాలో మొదట దొరికిన పని బట్టల దుకాణాల అద్దాల వెనక నిలబెట్టే బొమ్మలకి చేతులు చేయడం. కాగితపు గుజ్జుతో, తర్వాత ప్లాస్టిక్‌తో. అక్కడ మూసిన పిడికిళ్ళు, ఇక్కడ తెరిచిన వేళ్ళు. ఆ దుకాణం మూసేశాక సమాధిరాళ్ళు చెక్కేచోట గ్రానైట్ మీద పేర్లు. భర్త పోయాక ఆయన రిపేరు షెడ్డు, అందులో మిగిలిన పాత బంపర్లు. వాటిని అతకడానికి యాభై ఏళ్ళ వయసులో వెల్డింగ్ నేర్చుకున్నారు.

ఏ గ్యాలరీకి వెళ్ళినా నువ్వు రాతి శిల్పివా, లోహం పనా అని అడిగేవారట. ఏదో ఒకటి తేల్చుకోలేదని పక్కన పెట్టేశారట. "ప్రతి కొత్తదాని దగ్గరా మొదటి నెల నేను ఏమీ రానిదాన్నే. ఏళ్ళతరబడి బొమ్మలు చేసిన చేతులని ఆ ఇనుముకి తెలియదు కదా. సిగ్గుగా ఉండేది. నెల దాటాక ఉండేది కాదు," అన్నారు. గుంటూరు సంగతులు ఆవిడ దగ్గర మళ్ళీ గొప్పగా చెప్పుకోలేదు నేను. రాగిరేకు తీసుకుని కూర్చున్నాను.

మధ్యాహ్నాలు అక్కడే తినేవాళ్ళం. హంగేరీ వాళ్ళకి మిరపకాయంటే ప్రాణమని నాకు అప్పటిదాకా తెలియదు. మా అమ్మ పంపిన వెల్లుల్లి కారం ఒకసారి తీసుకెళ్తే, వెన్న రాసిన రొట్టె మీద చల్లుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ తిన్నారు. మా ఊరి నేల ఎలా ఉంటుంది, మిరపకాయలు ఎక్కడ ఎండబోస్తారని వివరంగా అడిగారు. ఆ సీసా షెడ్డులోనే ఉండిపోయింది. అలాంటిది ఆగస్టులో ఒకరోజు దాన్ని పక్కకి జరిపేశారు. మండుతోంది, వద్దన్నారు. మర్నాడూ అంతే. రొట్టె కుడివైపే నములుతున్నారు. నాలుక మీద ఎడమచేతి వైపు ఏదో ఒరుసుకుంటున్నట్టు మాట మధ్యలో ఆగుతున్నారు.

నాకు అనుమానం వచ్చింది. వచ్చిందని ఇప్పుడు తప్పించుకోకుండా రాస్తున్నాను. ఆ సాయంత్రం శ్రీధర్‌తో అన్నాను.

"నీకిక్కడ లైసెన్స్ లేదు వసూ. నువ్వు చెక్ చేసి ఏదో చెప్పి, అది తేడా వస్తే? మన వీసా సంగతి కూడా చూసుకోవాలి కదా."

అతను చెడ్డమనిషి కాదు. భయపడ్డాడు. నేనూ భయపడ్డాను. అంతకన్నా, పరీక్షలో తప్పినదాన్ని, నా కంటి మీద నాకే నమ్మకం లేదు. మూడు వారాలు ఊరుకున్నాను. రోజూ వెళ్ళాను, రోజూ చూశాను, వాతావరణం గురించి మాట్లాడాను.

నాలుగో వారం ఆవిడ మంచినీళ్ళు తాగుతూ ముఖం చిట్లించారు. చేతులు కడుక్కొచ్చి, నోరు తెరవమన్నాను. ఎందుకని అడగలేదు. పనిచేసే దీపం దగ్గరికి లాక్కుని, శుభ్రమైన గుడ్డతో నాలుక పట్టుకుని పక్కకి తిప్పాను. ఎడమ అంచున పుండు. చుట్టూ గట్టు. వేలు ఆనిస్తే, మెత్తగా ఉండాల్సినచోట గట్టిగా తగిలింది. నా ముఖం ఆవిడకి అర్థమైంది. చెప్పమన్నారు.

"ఇది మామూలు పుండులా లేదు. నేను చెప్పకూడదు, నాకు ఇక్కడ లైసెన్సు లేదు. రేపే డాక్టరుకి చూపించాలి."

"నువ్వు డెంటిస్టువని నాకు మొదటిరోజే చెప్పావుగా," అన్నారావిడ.

డాక్టర్లు క్యాన్సరేనని తేల్చారు. నాలుకలో మూడోవంతు తీసేశారు. ఆవిడకి పిల్లలు లేరు, ఆవిడ చర్చివాళ్ళూ నేనూ వంతులేసుకుని ఆసుపత్రిలో ఉన్నాం. ఆపరేషనైన పది రోజులకే నా రెండో పరీక్ష, ఇంకో రాష్ట్రంలో. వెళ్ళనని చెప్పడానికి మంచం పక్కన కూర్చున్నాను. ఆవిడ పలక అడిగి తీసుకుని రాశారు: నువ్వు పక్కన కూర్చుంటే నాలుక మొలవదు. వెళ్ళు.

వెళ్ళాను. ఆ గదిలో వేళ్ళు మళ్ళీ వణికాయి. పరికరం కింద పెట్టి, మైనాన్ని ఎడమచేతిలోకి తీసుకుని, బొటనవేలితో చుట్టూ తడిమాను. ఎక్కడ ఎక్కువుందో, ఎక్కడ కోసేశానో వేలికి తెలిసింది. పక్కవాళ్ళు సగం చేసేశాక నేను మొదలుపెట్టాను. సీటొచ్చింది.

ఇలోనా నేని ఇంకా ఏడేళ్ళు బతికారు. మాట ముద్దగా వచ్చేది, అలవాటున్నవాళ్ళకే అర్థమయ్యేది. సుత్తి ఎత్తే బలం లేదని, నానబెట్టిన కాగితం మొదలుపెట్టారు. అందులోనూ మొదటి నెల ఏమీ రాలేదని మొదటి సంవత్సరం విద్యార్థినిలా నా దగ్గర మొరపెట్టుకున్నారు. నేను ఇక్కడ డెంటిస్టునయ్యాక, ఆవిడ పనులన్నీ మా ఊరి లైబ్రరీ హాల్లో పెట్టారు. చిన్ననాటి గుర్తుగా మళ్ళీ చేసిన మట్టి పలకతో మొదలై కాగితపు చేతులదాకా, గోడ పొడుగునా. వచ్చినవాళ్ళలో ఎవరో, ఇన్ని రకాలు ఎందుకని అడిగారు. ఆవిడ జవాబు చెప్తుంటే ఎవరికీ అర్థం కాక ఇబ్బందిగా తలలూపుతున్నారు. నేను పక్కన నిలబడి ఒక్కొక్క వాక్యం తిరిగి చెప్పాను. "నేనెక్కడుంటే అక్కడ దొరికినదాన్ని పట్టుకున్నాను, దాని పద్ధతి నేర్చుకున్నాను, అంతకుమించి నాకు సిద్ధాంతాలేమీ లేవు." ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

2014 చలికాలంలో ఆవిడ మంచం పట్టారు. కేర్‌హోమ్‌కి వారం వారం వెళ్ళేదాన్ని. ఒక మధ్యాహ్నం సూప్ తినిపిస్తూ, మూడు వారాల సంగతి చెప్పేశాను. కారం సీసా జరిపినరోజే నాకు అనుమానం వచ్చిందని, నోరు మెదపలేదని. ఆ మూడు వారాల్లో ఎంత తేడా వచ్చిందో ఎవరూ చెప్పలేరు. సర్జన్‌ని అడిగే ధైర్యం నాకు ఎప్పుడూ లేకపోయింది.

ఎదుటివాళ్ళు తప్పుగా అర్థం చేసుకోకూడదనుకున్న మాటలు మాత్రం ఆవిడ రాసి చూపించేవారు. పలక తీసుకున్నారు. అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి.

తర్వాతి మనిషికి మొదటిరోజే చెప్పు.

అది చదివి నేను ఏడుస్తుంటే, సూప్ చల్లారిపోతోందని గిన్నె వైపు చూపించారు. ఆ మార్చిలో పోయారు.

పళ్ళు శుభ్రం చేయించుకోవడానికి వచ్చినవాళ్ళకి కూడా నేను నాలుక రెండు పక్కలా, కింద, చెంపల లోపల చూస్తాను. అపాయింట్‌మెంట్లు ఆలస్యమవుతున్నాయని ఫ్రంట్‌డెస్క్ అమ్మాయి గొణుగుతుంది. ఇప్పటికి ముగ్గురి దగ్గర అలాంటిది కనిపించింది. ఒకాయన మనవాడే, ఎడిసన్ అనే ఊరి నుంచి వచ్చిన పెద్దాయన, కూతురి పెళ్ళి పిలుపుల హడావిడిలో ఉన్నాడు. వచ్చేవారం మాట్లాడదామనుకోవడం ఎంత తేలికో ఆ క్షణంలో నాకు మళ్ళీ తెలిసింది. ఆ మాట సులువుగా చెప్పడం నాకింకా చేతకాలేదు. కుర్చీ దగ్గరగా జరుపుకుంటాను. మాస్కు తీసేస్తాను. చెప్తాను.